టవర్లు ఎన్నో, గొంతు ఒక్కటే: చేతి స్కానర్‌తో సైమల్‌కాస్ట్ రేడియో వినడం ఎలా?

ఉస్మానియాలో ఇంజనీరింగ్ పూర్తిచేసి ఎం.ఎస్. కోసం డాలస్‌కో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వైపుకో వెళ్లే పిల్లల్లో రేడియో పిచ్చి ఉన్నవాళ్లు కొందరుంటారు. అక్కడ దిగాక వాళ్లు కొనుక్కునే వస్తువుల్లో చేతి స్కానర్ ఒకటి. ఫైరింజన్ ఎటు పోతోందో, అంబులెన్స్ ఎవరింటికి బయల్దేరిందో గదిలో కూర్చునే వినవచ్చు. పెట్టె తెరిచి, బ్యాటరీ వేసి, ఊరి జిప్ కోడ్ కొడితే చాలు, తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా లేస్తాయి. మాట మాత్రం రాదు. వచ్చినా తెగిపోతుంది, గరగరలాడుతుంది, సగం వాక్యంలో ఎవరో మింగేసినట్టు ఆగిపోతుంది. యాంటెన్నా చిన్నదేమోనని పెద్దది తెచ్చి బిగిస్తారు. పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

గీతలన్నీ నిండుగా ఉన్నా మాట తెగుతోందంటే, చాలాసార్లు సిగ్నల్ ఎక్కువై తెగుతోందని అర్థం. ఒకే మాట రెండు మూడు టవర్ల నుంచి వచ్చి మీద పడుతుంటే స్కానర్ తట్టుకోలేకపోతోంది. అప్పుడు చేయాల్సిన పని వాటిలో ఒక్క టవర్‌ను ఎంచుకుని మిగతావాటిని తగ్గించడం. ఈ విద్యకు అమెరికా దాకా పోనక్కర్లేదు. తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌లో, చట్టం ఒప్పుకునే సిగ్నళ్ల మీదే చేయి తిప్పుకోవచ్చు. ఇక్కడ సాధన చేసి వెళ్లినవాళ్లకు అక్కడ స్కానర్ తొందరగా లొంగుతుంది.

ముందు చట్టం

అమెరికాలో గుప్తీకరించని పోలీసు, ఫైర్ రేడియోను వినడం సాధారణంగా నేరం కాదు. న్యూయార్క్, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం కారులో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. మీరు చేరే రాష్ట్రం చట్టం ఏమంటుందో వెళ్లకముందే చదువుకోండి.

మన దగ్గర లెక్క వేరు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం రోజుల నుంచీ వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నదే మన దారి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఇతరుల సందేశాన్ని చట్టవిరుద్ధంగా మధ్యలో పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి హైదరాబాద్‌లో పోలీసు, మెట్రో, విమానాశ్రయం రేడియోల జోలికి వెళ్లవద్దు. వాటి వివరాలు ఈ వ్యాసంలో ఉండవు. అమెరికాలో కొన్న స్కానర్‌ను సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుని రావద్దని కూడా గట్టిగా చెబుతున్నాను. తేవాల్సే వస్తే ముందు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగాన్ని అడిగి, వాళ్లిచ్చే జవాబు రాతలో తీసుకోండి.

ఇక్కడ సాధనకు మూడు దారులున్నాయి: ఆకాశవాణి మీడియం వేవ్, ఎఫ్.ఎం. ప్రసారాలు, లైసెన్సు తీసుకుని చేసే హామ్ రేడియో. ఆ మూడూ చాలు.

అసలేం జరుగుతోంది?

ట్రంకింగ్ అంటే ఉన్న కొద్ది ఫ్రీక్వెన్సీలను అన్ని విభాగాలూ కలిసి వాడుకునే ఏర్పాటు. ఒక ఫ్రీక్వెన్సీ మీద కంట్రోల్ ఛానల్ ఎప్పుడూ డేటా పంపుతూ ఉంటుంది. ఫైర్ సిబ్బందిలో ఒకరు మీట నొక్కగానే, ఆ బృందం, అంటే ఆ టాక్‌గ్రూపు, ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్లాలని కంట్రోల్ ఛానల్ చెబుతుంది. అదే టాక్‌గ్రూపులోని రేడియోలన్నీ అక్కడికి దూకుతాయి. మాట అయిపోగానే ఆ ఫ్రీక్వెన్సీ ఇంకొకరికి పోతుంది. స్కానర్ ఈ కంట్రోల్ ఛానల్‌ను చదువుతూ వెంట పరుగెత్తాలి. కంట్రోల్ ఛానల్ సరిగా అందకపోతే మిగతాదంతా వృథా.

సైమల్‌కాస్ట్ అంటే ఒకే మాటను, ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే క్షణంలో చాలా టవర్ల నుంచి పంపడం. ఫ్రీక్వెన్సీలు ఆదా అవుతాయి, నగరమంతా ఒకే ఛానల్ అందుతుంది. టవర్ల గడియారాలన్నీ జీపీఎస్ ఆధారంగా కలిసి నడుస్తాయి. బయల్దేరేటప్పుడు అంతా ఒకే సమయం. చేరేటప్పుడే తేడా వస్తుంది, ఎందుకంటే మీకు ప్రతి టవర్ ఒకే దూరంలో ఉండదు.

బోనాల రోజుల్లో వీధి పొడుగునా కట్టిన మైకు హారన్లు గుర్తు తెచ్చుకోండి. పాట ఒక్కటే. ఒక హారన్ కింద నిలబడితే పదం పదం తెలుస్తుంది. రెండు హారన్లకు నడుమ నిలబడితే దగ్గరిది ముందు, దూరంది వెనక చేరి మాట మీద మాట పడుతుంది. పాట చెవులు చిల్లులు పడేంత గట్టిగా వినిపిస్తూనే ఉంటుంది, కానీ ఒక్క ముక్క అర్థం కాదు.

రేడియోలో ఈ తేడా మైక్రోసెకన్లలో ఉంటుంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. లెక్క కోసం ఒక టవర్ మౌలాలి గుట్ట మీద, ఇంకొకటి గోల్కొండ కోట మీద ఉన్నాయనుకుందాం. ఇది ఊహే, అక్కడ నిజంగా అలాంటివి ఉన్నాయని కాదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడిన మనిషికి మౌలాలి ఐదారు కిలోమీటర్లు, గోల్కొండ దాదాపు 14 కిలోమీటర్లు. తేడా ఎనిమిది కిలోమీటర్ల చిల్లర, అంటే 27 మైక్రోసెకన్ల పైచిలుకు ఆలస్యం.

అది పెద్ద ఆలస్యమేనా? అమెరికాలో ప్రజాభద్రతకు వాడే డిజిటల్ పద్ధతి పేరు ప్రాజెక్ట్ 25, పొట్టిగా పీ25. ఏప్కో అనే సంస్థ 1989లో ఈ పని మొదలుపెట్టింది. మొదటి దశ పీ25లో సెకనుకు 4800 సంకేతాలు పోతాయి. ఒక్కో సంకేతంలో రెండు బిట్లు, మొత్తం 9600 బిట్లు. ఒక సంకేతం నిడివి 208 మైక్రోసెకన్లు. అందులో 27 అంటే ఎనిమిదో వంతు. ఒక టవర్ బలం రెండోదాని కన్నా బాగా ఎక్కువైతే ఎఫ్.ఎం. రిసీవర్ బలమైనదాన్నే పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది, ఇబ్బంది ఉండదు. రెండూ దాదాపు సమానమైనప్పుడే ముప్పు. ఒక క్షణం కలిసి పెరుగుతాయి, మరో క్షణం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ చంపుకునే క్షణాల్లో బిట్లు తారుమారవుతాయి. ఎనలాగ్ రేడియో అయితే గరగర వినిపించి మాట నిలబడేది. డిజిటల్‌లో తప్పులు ఒక హద్దు దాటాయంటే మాట మొత్తం పోతుంది.

ఇక స్కానర్ లోపలి సంగతి. పాత తరం డిజిటల్ స్కానర్లు లోపల ఎఫ్.ఎం. డిస్క్రిమినేటర్‌తో పనిచేస్తాయి. అది సిగ్నల్ ఎత్తుపల్లాలను కత్తిరించేసి ఫ్రీక్వెన్సీ మార్పును మాత్రమే చూస్తుంది. సైమల్‌కాస్ట్ టవర్లు చాలావరకు ఎల్.ఎస్.ఎం. అనే మాడ్యులేషన్ పంపుతాయి. అందులో సమాచారం ఫేజ్‌లో ఉంటుంది, ఎత్తు కూడా మారుతూ ఉంటుంది. ఆ సగాన్ని ముందే పారేసే రిసీవర్ మిగిలిన సగంతో సిగ్నల్‌ను విడదీయలేదు. ఐ, క్యూ అని రెండు పాయలుగా సిగ్నల్‌ను మొత్తంగా దాచుకునే రిసీవర్‌కు మాత్రమే, ఆలస్యంగా వచ్చిన ప్రతిని లెక్కగట్టి సర్దే అవకాశం ఉంటుంది. పోలీసుల చేతిలో ఉండే అసలు రేడియోలకు అదే టవర్ల నడుమ స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే.

మొదటి సాధన: జేబు రేడియో, 738 కిలోహెర్ట్జ్

మీడియం వేవ్ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ తెచ్చుకోండి. ఇంట్లో అటక మీద పాతది ఉంటే ఇంకా మంచిది. ఈ సాధన ఇరుకు గదిలో చేయవద్దు, స్లాబులోని ఇనుము దిక్కులన్నీ చెడగొడుతుంది. పగటిపూట ఆర్ట్స్ కాలేజీ ముందు ఖాళీ జాగాకు వెళ్లండి. 1939లో తెరిచిన ఆ గ్రానైట్ భవనం నుంచి కాస్త దూరంగా, కరెంటు తీగలు లేనిచోట నిలబడండి. 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ పట్టండి. నిజాం రాజ్యపు దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తనలో కలుపుకుంది. ఈ ఊళ్లో రేడియో వినే అలవాటుకు అంత పాత వేరు ఉంది.

ట్రాన్సిస్టర్ లోపల ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగే యాంటెన్నా. సాధారణంగా అది పెట్టె పొడవు వెంట పడుకుని ఉంటుంది. రేడియోను బల్లపరుపుగా పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పండి. చాలా దిక్కుల్లో ధ్వని ఒకేలా ఉంటుంది. ఒక్క దిక్కులో మాత్రం టక్కున పడిపోతుంది. ఆ క్షణంలో కడ్డీ కొన స్టేషన్ వైపు చూస్తోందన్నమాట. ఇంకో సగం చుట్టు తిప్పితే మళ్లీ అదే పడిపోవడం.

ఇక్కడ గమనించాల్సింది ఉంది, దీన్ని ఒంటబట్టించుకోండి. బాగా వినిపించే దిక్కు వెడల్పుగా, మొద్దుగా ఉంది. వినిపించని దిక్కు సన్నగా, పదునుగా ఉంది. యాంటెన్నాతో కావాల్సిన టవర్‌ను పెంచుకోవడం కన్నా, అక్కర్లేని టవర్‌ను ఆ సన్నని గుంటలో పడేయడం చాలా సులువు. సైమల్‌కాస్ట్‌తో పోరాడేవాళ్లకు ఇంతకు మించిన పాఠం లేదని నా నమ్మకం. ఖరీదు జేబు రేడియో, రెండు బ్యాటరీలు. గుంట కళ్లు మూసుకున్నా దొరికేదాకా తిప్పండి.

రెండో సాధన: తార్నాక మెట్రో కింద ఎఫ్.ఎం.

2017 నవంబరులో నాగోలు, మియాపూర్ నడుమ మెట్రో మొదలయ్యాక తార్నాక రోడ్డు మీద ఆకాశం సగానికి సగం కాంక్రీటైంది. పాదచారికి ఎండ తగ్గింది, రేడియో నేర్చుకునేవాడికి మంచి ప్రయోగశాల దొరికింది. కాంక్రీటు లోపలి ఇనుము, పైన 25 కిలోవోల్టుల తీగలు, కింద బస్సులు, పక్కన మేడలు: వీటన్నిటికీ తగిలి తిరిగొచ్చిన తరంగాలు అసలు తరంగంతో కలుస్తాయి. సైమల్‌కాస్ట్‌లో రెండు టవర్లు చేసే పనిని ఇక్కడ ఒకే టవర్, దాని ప్రతిఫలనాలు చేస్తాయి. ఆలస్యం తక్కువే గాని చంపుకునే తీరు అదే.

లాగే ఏరియల్ ఉన్న ఎఫ్.ఎం. రేడియోలో వివిధ భారతి 102.8 పెట్టండి. ఏరియల్ పూర్తిగా లాగితే ఏమీ తెలియదు, సిగ్నల్ అంత గట్టిది. ఏరియల్ మూసేయండి. ఇప్పుడు స్టేషన్ మెట్ల పక్కన, జనానికి అడ్డం రాకుండా, ఒక్కో అడుగే జరగండి. 102.8 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లకు కాస్త తక్కువ. మీటరున్నర లోపే ఒకచోట బుస్సుమని శబ్దం, ఇంకో అడుగు వేస్తే స్పష్టమైన పాట. బస్సు పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ చోట్లు జరుగుతాయి.

ఇప్పుడు ఈ కొలతను అమెరికా వ్యవస్థలకు మార్చుకోండి. అక్కడ పీ25 ఎక్కువగా 700, 800 మెగాహెర్ట్జ్ పట్టీల్లో ఉంటుంది. 850 దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. సగం పదిహేడున్నర, జానెడు కూడా కాదు. స్కానర్‌ను బల్ల మీద జానెడు జరిపితే మాట రావడం, మళ్లీ జానెడు జరిపితే పోవడం ఇందుకే. మంచి చోటు దొరికేదాకా వేళ్ల వెడల్పున జరపాలి, గది మార్చడం తర్వాతి మాట.

ఇదే చోట ఒంటిని అడ్డం పెట్టుకోవడం కూడా నేర్చుకోండి. రేడియోను ఛాతీకి ఆనించి పట్టుకుని నిలుచున్నచోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒంట్లోని నీరు తరంగాన్ని తాగేస్తుంది, వెనకనుంచి వచ్చే సిగ్నల్ తగ్గుతుంది. ఎఫ్.ఎం. పట్టీలో తరంగం పొడుగు కాబట్టి తేడా కొద్దిగానే తెలుస్తుంది. 800 మెగాహెర్ట్జ్‌లో బాగా తెలుస్తుంది. స్కానర్‌ను నడుముకు తగిలించుకుని కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఒక టవర్ మాయమై మాట కుదురుకోవడం అక్కడివాళ్లకు అనుభవమే.

మూడో సాధన: హామ్ లైసెన్సు, టేపు యాగీ

ఇక్కడి నుంచి లైసెన్సు కావాలి. 12 ఏళ్లు నిండినవారెవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి. మొదటివారి పిలుపు పేర్లు వీయూ3తో, రెండోవారివి వీయూ2తో మొదలవుతాయి. హైదరాబాద్ వాళ్లకు ఇది అదృష్టమే: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియో 1983 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది. బంజారాహిల్స్‌లో లామకాన్ వేదికగా ఒక హామ్ క్లబ్బు కూడా నడుస్తోంది. ముందు అక్కడికెళ్లి పాతవాళ్ల పక్కన కూర్చోండి.

లైసెన్సు చేతికొచ్చాక 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేసే చేతి సెట్టు, దానికి ఒక టేపు యాగీ. ఇనుప కొలత టేపు ముక్కలతో, పీవీసీ పైపుతో చేసే ఈ యాంటెన్నా ప్రపంచమంతటా హామ్‌ల ఇళ్లలో ఉంది. సామాను హార్డ్‌వేర్ దుకాణంలోనే దొరుకుతుంది. పైపు మీద మూడు టేపు ముక్కలు అడ్డంగా బిగించాలి. వెనకది 105 సెంటీమీటర్లు. దానికి 20 సెంటీమీటర్ల ముందు నడిమిది, అది 45 సెంటీమీటర్ల చొప్పున రెండు సగాలుగా, మధ్యలో చిన్న ఎడంతో. దానికి 32 సెంటీమీటర్ల ముందు 89 సెంటీమీటర్ల ముక్క. నడిమి రెండు సగాలకు కేబుల్‌లోని రెండు తీగలూ చెరొకటి అతకాలి. ఆ రెండు అతుకులనే కలుపుతూ ఐదంగుళాల తీగను యూ ఆకారంలో వంచి పెట్టాలి. టేపు మీది రంగును ఉప్పుకాగితంతో బాగా గీకకపోతే టంకం పట్టదు. అంచులు చేతులు కోస్తాయి, మూలలు గుండ్రంగా కత్తిరించి వాటికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఈ యాంటెన్నా ముందుకు బాగా వింటుంది. కానీ దాని అసలు గొప్ప వెనక వైపు గుంటలో ఉంది. ట్రాన్సిస్టర్‌తో నేర్చిన విద్య ఇప్పుడు 145 మెగాహెర్ట్జ్‌లో పనికొస్తుంది.

తోటి హామ్ ఒకరిని అతి తక్కువ శక్తితో పనిచేసే సెట్టుతో క్యాంపస్‌లో ఎక్కడైనా కూర్చోమనండి. పది సెకన్లకోసారి తన పిలుపు పేరు చెబుతుండాలి. హామ్‌లు ఫాక్స్ హంట్ అనే ఆట ఇదే. క్యాంపస్ పెద్దది, చెట్లూ బండలూ భవనాలూ ఉన్నాయి, ఆటకు ఇంతకన్నా మంచి మైదానం తూర్పు హైదరాబాద్‌లో లేదు. కానీ ముందు యూనివర్సిటీ సెక్యూరిటీకి చెప్పి అనుమతి తీసుకోండి, లైసెన్సు నకలు జేబులో ఉంచుకోండి. చేతిలో విచిత్రమైన యాంటెన్నాతో తిరిగే మనిషిని చూసి కాపలావాళ్లు ఆపితే తప్పు వాళ్లది కాదు.

రాతి భవనాల దగ్గరికి రాగానే యాగీ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. గోడకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ అసలుదాని కన్నా బలంగా ఉండొచ్చు. అప్పుడు నాలుగడుగులు పక్కకు వెళ్లి మళ్లీ చూడండి. నిజమైన దిక్కు నిలకడగా ఉంటుంది, ప్రతిఫలనం దిక్కు మారుతుంది. దాగిన సెట్టు దగ్గరపడేకొద్దీ గీతలన్నీ నిండిపోయి యాంటెన్నా ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. అప్పుడు యాగీ తీసేసి చిన్న యాంటెన్నా పెట్టడం, దాన్నీ తీసేయడం, ఫ్రీక్వెన్సీని ఐదు కిలోహెర్ట్జ్ పక్కకు జరపడం, సెట్టును ఛాతీకి ఆనించడం, ఇవన్నీ వరసగా చేయండి. సిగ్నల్‌ను కావాలని తగ్గించుకోవడంలో చెయ్యి అలవాటు పడాలి. కొత్తవాళ్లకు ఇదే కష్టం, ఎందుకంటే ఎక్కువ గీతలు మంచివన్న భ్రమ మొబైల్ ఫోన్ల నుంచే మనకు అలవాటైంది.

స్కానర్ ఎంపిక

కొనేముందు చూడాల్సింది స్కానర్ గురించి కాదు, ఊరి గురించి. మీరు ఉండబోయే కౌంటీలో ఏ విభాగాలు గుప్తీకరించుకున్నాయో కనుక్కోండి. కాలిఫోర్నియాలో 2020లో రాష్ట్ర న్యాయశాఖ వ్యక్తిగత వివరాల భద్రత గురించి ఇచ్చిన సూచన తర్వాత చాలా పోలీసు విభాగాలు గుప్తీకరణకు వెళ్లాయి. గుప్తీకరించినదాన్ని ఏ స్కానరూ వినిపించదు, ప్రయత్నించడం కూడా తప్పే. ఫైర్, వైద్య విభాగాలు చాలాచోట్ల ఇంకా తెరిచే ఉంటాయి. ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీ, పక్కనున్న కాంట్రా కోస్టా కలిసి ఈస్ట్ బే రీజినల్ కమ్యూనికేషన్స్ సిస్టమ్ అనే పీ25 వ్యవస్థను నడుపుతున్నాయి. అందులో సైమల్‌కాస్ట్ గుంపులున్నాయి, కొండలూ ఉన్నాయి. పాత స్కానర్‌కు ఇంతకన్నా కష్టమైన నేల దొరకదు.

యూనిడెన్ బీసీడీ436హెచ్‌పీ 2014లో వచ్చింది, విస్లర్ టీఆర్‌ఎక్స్-1 2016లో. రెండూ మంచి యంత్రాలే. ఒకే టవర్ ఉన్న వ్యవస్థలో, లేదా ఒక టవర్‌కు బాగా దగ్గరున్న ఇంట్లో వాటితో హాయిగా వినొచ్చు. సైమల్‌కాస్ట్ టవర్ల నడుమ మాత్రం వాటిని నమ్ముకోవద్దని నా సలహా. 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్100, చేతి స్కానర్లలో ఐ, క్యూ రెండూ వాడిన మొదటిది. సైమల్‌కాస్ట్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పాతదానిలో ముక్కలైన మాట ఇందులో చాలాచోట్ల పూర్తిగా వస్తుంది. ధర ఆరేడు వందల డాలర్లు. బ్యాటరీ తొందరగా తాగేస్తుంది, వేడెక్కుతుంది, పక్కన బలమైన ప్రసారాలుంటే ఇబ్బంది పడుతుంది. యూనికేషన్ జీ4, జీ5 అనే పేజర్లు సైమల్‌కాస్ట్‌లో ఇంకా గట్టివని వాడేవాళ్ల మాట. కాకపోతే వాటిని కంప్యూటర్‌తో ముందే ప్రోగ్రామ్ చేసుకోవాలి, ఊరూరూ తిరిగి వినడానికి పనికిరావు.

విద్యార్థి జేబుకు ఇవి బరువైతే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ల్యాప్‌టాప్, ఎస్‌డీఆర్‌ట్రంక్ సాఫ్ట్‌వేర్ చాలు. డాంగిల్ ఎప్పుడూ ఐ, క్యూలనే ఇస్తుంది కాబట్టి చవక వస్తువైనా పాత స్కానర్ చేయలేని పని చేస్తుంది. సెట్టింగుల్లో మాడ్యులేషన్‌ను ఎల్.ఎస్.ఎం.కు మార్చడం మరవకండి. జేబులో వేసుకుని తిరగలేరన్నదొక్కటే లోటు.

అక్కడ మొదటిరోజు

స్కానర్ తెరవగానే కౌంటీలోని వ్యవస్థలన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. మీకు దగ్గరున్న ఒక్క సైట్‌ను మాత్రమే ఉంచి, మిగతావన్నీ ఆపండి. సైమల్‌కాస్ట్‌లో ఒక గుంపు టవర్లు కలిసి ఒక్క సైట్‌గానే కనిపిస్తాయి, కంగారుపడవద్దు.

టాక్‌గ్రూపుల జోలికి పోకుండా కంట్రోల్ ఛానల్ మీదే ఆపి, తెర మీద డేటా తప్పుల లెక్క చూడండి. గీతలను పట్టించుకోకండి, ఆ తప్పుల అంకెనే చూడండి. అంకె పెరుగుతూ ఉంటే గదిలో స్కానర్‌ను వేళ్ల వెడల్పున జరపడం మొదలుపెట్టండి. కిటికీ గట్టు, అల్మరా పై అర, మంచం కింద నేల, ఏదైనా సరే. మేడ మీద ఉంటే ఎక్కువ టవర్లు కనబడతాయి కాబట్టి అక్కడే అధ్వానంగా ఉండొచ్చు. కింది అంతస్తులో, ఇంటి గోడలు ఒక వైపును మూసేసిన చోట, అంకె సున్నా దగ్గరికి రావడం మామూలే. దొరికిన చోటుకు రంగు టేపు అంటించండి.

అంకె తగ్గకపోతే, సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ ఆన్ చేయండి. తర్వాత కంపెనీ ఇచ్చిన యాంటెన్నా తీసి అంతకన్నా పొట్టిది పెట్టండి. ఎస్‌డీఎస్100లో సైట్ సెట్టింగుల్లో ఫిల్టర్ అని ఉంటుంది: నార్మల్, ఇన్వర్ట్, వైడ్ వగైరా. ఒక్కొక్కటి మార్చి ఐదేసి నిమిషాలు అంకెను గమనించి, తక్కువ వచ్చినదాన్ని ఆ సైట్‌కే దాచండి. ఒక సైట్‌కు సరిపోయింది ఇంకోదానికి సరిపోకపోవచ్చు. 436లో అయితే పీ25 థ్రెషోల్డ్‌ను ఆటోలో ఉంచి చూసి, కుదరకపోతే మాన్యువల్‌లో 5 నుంచి 13 దాకా మారుస్తూ చూడాలి.

ఇవేవీ సరిపోకపోతే 800 మెగాహెర్ట్జ్ చిన్న యాగీ కొనండి. ఈ పట్టీలో ఒక్కో ముక్క జానెడు లోపే ఉంటుంది, కిటికీలో పెట్టుకోవచ్చు. ముందు దాన్ని దగ్గరి టవర్ వైపు తిప్పండి. అప్పటికీ తప్పులుంటే దగ్గరి టవర్ సంగతి వదిలేసి, ఇబ్బంది పెట్టే రెండో టవర్ ఎటుందో చూసి దాన్ని యాంటెన్నా గుంటలోకి నెట్టండి. దగ్గరి టవర్ కొంచెం పక్కకు పోయినా ఫరవాలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు ట్రాన్సిస్టర్ తిప్పినవారికి ఇది చెప్పక్కర్లేదు.

కంట్రోల్ ఛానల్ తప్పులు లేకుండా పది నిమిషాలు నిలిచాక టాక్‌గ్రూపులు చేర్చండి. మొదట ఫైర్ డిస్పాచ్ ఒక్కటి. అది పూర్తి వాక్యాలుగా వినిపిస్తున్నాక వైద్య విభాగం, ఆ తర్వాత రోడ్ల నిర్వహణ. గుప్తీకరించిన టాక్‌గ్రూపు కనిపించినప్పుడల్లా అవాయిడ్ మీట నొక్కి జాబితా నుంచి తీసేయండి. లేకపోతే స్కానర్ వాటి దగ్గర ఆగి, వినాల్సిన మాట పోగొడుతుంది.